మొదట తానే వెళ్లి చూచినవాడు

ధ్యాన భాగము: నెహెమ్యా 2:11–18, 3వ అధ్యాయము



నెహెమ్యా యెరూషలేమునకు చేరిన తరువాత మూడు దినములవరకు తన తలంపు ఎవరికిని తెలుపలేదు. రాత్రివేళ కొద్దిమందిని మాత్రము వెంటబెట్టుకొని బయలుదేరి, కూలిన ప్రాకారములను, కాలిన గుమ్మములను తన కన్నులతో చూచెను. ఒకచోట తాను ఎక్కిన పశువు నడుచుటకైనను దారి లేకపోయెను. ఇదంతయు చూచిన పిమ్మటనే ఆయన జనులను పనికి పిలిచెను.

3వ అధ్యాయము వచ్చినప్పుడు మనలో అనేకులు ఇది పేర్ల పట్టికయేగదా అని పుట త్రిప్పివేయుదుము. అయితే నిదానించి చదివినయెడల అందులో గొప్ప వివేకము కనబడును. యాజకులు గొఱ్ఱెల గుమ్మమును కట్టిరి. కంసాలులు ఒక భాగము, పరిమళద్రవ్యములు చేయువారు ఒక భాగము బాగుచేసిరి. షల్లూము తన కుమార్తెలతో కలిసి పనిచేసెను. చాలమంది తమ తమ యిండ్లకెదురుగా నున్న గోడనే కట్టుకొనిరి. తెకోవవారి ఘనులు మాత్రము పనికి మెడ వంచలేదు. మనస్సు కలిగి వచ్చినవారిని ఊరక గుంపుగా నిలువబెట్టక, ఎవరికి ఏ పని తగునో, ఎవరు ఎక్కడ నిలువవలెనో చూచి అప్పగించుట నాయకుని పని.

గడచిన శతాబ్దములో ఈ పనిని దేశముల సరిహద్దులు దాటి చేసిన ఒక భక్తుని జీవితమును ఈ నెల మేము మీ యెదుట ఉంచుచున్నాము. ఆయన పేరు పియేర్ సెరెసోల్. మన సంఘములలో ఆ పేరు ఎరిగినవారు తక్కువ. అయినను ఆయన మన దేశమునకు వచ్చి, మన బీహారు పల్లెలలో చేతులకు మట్టి అంటించుకొనినవాడు.

బాల్యము, విద్య

సెరెసోల్ 1879వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన స్విట్జర్లాండు దేశములోని లోజాన్ పట్టణములో జన్మించెను. వారిది ప్రొటెస్టెంటు కుటుంబము. తండ్రియైన పాల్ సెరెసోల్ 1873వ సంవత్సరములో ఆ దేశాధ్యక్షుడుగా నుండెను. పేరు, పలుకుబడి, కలిమి, ఇవన్నియు ఆ యింట నుండెను. కుమారుడు జూరిచ్ నగరములో ఇంజనీరు విద్య నభ్యసించి పట్టభద్రుడయ్యెను. పైచదువుకై జర్మనీకి కూడ వెళ్లెను. పెద్ద ఉద్యోగము, గౌరవమైన జీవితము ఆయన కొరకు సిద్ధముగా ఉండెను.

అయితే ఆయన మనస్సు నెమ్మది పొందలేదు. ముప్పది యేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి అమెరికాకు, హవాయి దీవులకు, జపానుకు తిరిగెను. విద్యావంతుడై యుండియు అమెరికాలో కూలిపని చేసెను. హవాయిలో ఫ్రెంచి భాష నేర్పెను. జపానులో ఇంజనీరుగా పనిచేసెను. పరదేశమందు భాష రానివాని బాధ యెట్టిదో, దినమంతయు శరీరముతో కష్టపడి అలసి పండుకొనుట యెట్టిదో, ఈ సంవత్సరములలో ఆయన స్వయముగా తెలిసికొనెను. తరువాత ఇతరులను అట్టి జీవితమునకు పిలువబోవు వానికి ఇది పాఠశాల వంటిది.

1914వ సంవత్సరములో ఆయన స్వదేశమునకు మరలెను. అది మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైన సంవత్సరము. తనకు వారసత్వముగా వచ్చిన సొమ్మును ఆయన తన యొద్ద ఉంచుకొనక దేశపు ఖజానాకు ఇచ్చివేసెను.

మనస్సాక్షి

1915వ సంవత్సరములో ఆ దేశమున ఒక క్రైస్తవ ఉపాధ్యాయుడు, క్రీస్తు శిష్యుడనైన నేను ఆయుధము పట్టలేనని చెప్పి చెరసాలకు వెళ్లెను. ఈ సంగతి సెరెసోల్ హృదయమును గాయపరచెను. ఆయనకు సైనికసేవనుండి మినహాయింపు ఉండెను గాని అట్టివారు దానికి బదులుగా ఒక పన్ను చెల్లింపవలెను. ఆ పన్ను చెల్లింపననెను. 1917వ సంవత్సరములో మొదటిసారి చెరసాల చూచెను. అది కడపటిసారి కాలేదు.

ఈ విషయమున విశ్వాసులందరును ఏకాభిప్రాయము గలవారు కారని మేమెరుగుదుము. దేశరక్షణకై సైన్యములో చేరిన కుమారులు మన సంఘములలోను ఉన్నారు. వారికొరకు మేము ప్రతి ఆదివారము ప్రార్థించుచున్నాము. ఆ వివాదమును తీర్చుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. సెరెసోల్ పన్ను నిరాకరించి ఊరకుండలేదు. కష్టములేని దారి వెదకుచున్నాడని తన్ను ఎవరును అనకుండునట్లు, సైనికుడు పడునంత కష్టమును నిర్మాణమునకై పడవలెనని ఆయన నిశ్చయించుకొనెను. సైనికుడు పరదేశమునకు నాశనము చేయుటకు వెళ్లినట్లే, కట్టుటకు వెళ్లువారు ఎందుకు ఉండకూడదు? ఆయన సేవాదళము ఈ ప్రశ్ననుండి పుట్టెను.

మొదటి జట్టు

యుద్ధము ముగిసిన తరువాత 1919వ సంవత్సరములో హాలండు దేశములోని బిల్తోవెన్ అను చోట, మొన్నటివరకు శత్రువులై యుండిన దేశముల క్రైస్తవులు కొందరు కూడుకొనిరి. సమాధానముకొరకు ఒక అంతర్జాతీయ సహవాసము అక్కడ ఏర్పడెను. సెరెసోల్ దానికి కార్యదర్శియయ్యెను. ప్రార్థనలును ప్రసంగములును చాల జరిగెను. అయితే మాటలతో సరిపెట్టుకొనక, కూలిన యొక గ్రామమును కలిసి కట్టుదమని ఆయన పట్టుబట్టెను.

వారు ఏర్పరచుకొన్నది ఫ్రాన్సులోని ఎన్ అను పల్లె. అది వెర్డన్ యుద్ధరంగమున 304 అను సంఖ్యతో పిలువబడిన కొండ దిగువనున్నది. 1916వ సంవత్సరపు ఘోరయుద్ధములో ఆ పల్లె నేలమట్టమయ్యెను. పొలములన్నియు గుండ్ల గుంటలే. 1920వ సంవత్సరము నవంబరులో ఒక చిన్న జట్టు అక్కడికి చేరెను. వేర్వేరు దేశములవారు అందులో ఉండిరి. వారిలో జర్మనులును ఉండిరి. వారు కొయ్య గుడిసెలు లేవనెత్తిరి, గుంటలు పూడ్చిరి, దారులు బాగుచేసిరి. జీతము లేదు.

అయిదు మాసములు గడచెను. జర్మనులు ఇక్కడ ఉండరాదని ప్రతికూలత పుట్టెను. ఆ పల్లెలవారి శోకమును తలంచినయెడల మనము వారిని తీర్పుతీర్చలేము. జర్మనులను పంపివేసి మిగిలినవారు పనిచేయవచ్చును గాని ఆ జట్టు అట్లు చేయలేదు. సహోదరులను విడుచుటకంటె అందరు కలిసి వెళ్లిపోవుట మేలని ఎంచిరి. 1921వ సంవత్సరము వసంతకాలములో పని ఆగిపోయెను.

లోకము దృష్టికి అది అపజయమే. అయితే సెరెసోల్ తరువాతి పనులను చూచువారికి ఆయన ఇక్కడ నేర్చినది తెలియును. ఇచ్చువాని మంచి మనస్సు చాలదు. పుచ్చుకొనువాని సమ్మతియు, స్థానిక అధికారుల సమ్మతియు ముందుగా కావలెను. వచ్చువాడెవడో పల్లెకు తెలియవలెను. ఆ పల్లె యెట్టిదో వచ్చువానికి తెలియవలెను. ఈ రెంటిని జతపరచుట పార పట్టుటకంటె కష్టమైన పని.

పిలుచుట, ఎంచుట

1924వ సంవత్సరములో స్విట్జర్లాండులోనే లేజోర్మాన్ అను కొండ ప్రాంతమున మంచుచరియలు విరిగిపడి పాడైనచోట ఒక చిన్న జట్టు పనిచేసెను. ఆ జట్టును క్రమపరచినవాడు పియేర్ సహోదరుడైన ఎర్నెస్ట్. ఈ ఎర్నెస్ట్ సైన్యములో కర్నలు! ఆయుధమును నిరాకరించిన సహోదరుడును, సైన్యాధికారియైన సహోదరుడును ఒకే పనిలో నిలిచిరి. దళమునకు క్రమశిక్షణ నేర్పుట ఎర్నెస్ట్ ఎరిగిన విద్య. దానిని పియేర్ తృణీకరింపలేదు. తనకు లేని వరము మరియొకనికి ఉన్నదని ఒప్పుకొని అతనికి చోటిచ్చుటయు నాయకుని గుణమే.

ఈ సేవాదళములో చేరువారికి నియమములుండెను. జీతము లేదు, భోజనము, పడక మాత్రము ఉండును. మతము, దేశము, పార్టీ అడుగబడవు. శరీరమున పనికి తగినవారై యుండవలెను. జట్టు నాయకుని మాట వినవలెను. స్త్రీలును వచ్చి వంట, ఉతుకు పనులు చేసి దళమును నిలువబెట్టిరి. అన్నిటికంటె ముఖ్యమైన నియమమొకటి కలదు. గ్రామస్థులు తమంతట తాము చేసికొనలేని పనినే దళము చేపట్టవలెను; కూలివాని నోటియొద్ద కూడు తీయకూడదు. ఉచితముగా చేయువాడు వచ్చెనని దినకూలివాడు పని పోగొట్టుకొనినయెడల అది సేవ కాదు గదా!

1927వ సంవత్సరము సెప్టెంబరులో రైన్ నది గట్టు తెగి లిఖ్టెన్‌స్టైన్ అను చిన్న దేశపు పొలములనేకము రాళ్లతోను ఒండ్రుతోను పూడిపోయెను. మరుసటి సంవత్సరము సుమారు 700 మంది స్వచ్ఛంద సేవకులు అనేక దేశములనుండి వంతులు వంతులుగా వచ్చి ఆ పొలములను శుభ్రపరచిరి. ఇట్టి పనికి ఎక్కువ చేతులు కావలెను. నేర్పు కొంచెము చాలును. కొన్ని వారములే ఉండగలవాడైనను ఉపయోగపడును. 1930వ సంవత్సరములో దక్షిణ ఫ్రాన్సులో తార్న్ నది వరదకు లోనైన లగార్డ్ గ్రామమునకు దళము వెళ్లెను. 1931వ సంవత్సరములో వేల్సు దేశపు బ్రిన్మార్‌కు వెళ్లెను. అక్కడ వరద లేదు, మంచు లేదు. బొగ్గుగనుల పని పోయి మనుష్యులే కూలిపోయి యుండిరి. స్థానికులతో కలిసి ఒక తోట, ఈతకొలను నిర్మించిరి.

ఈ కాలములో సెరెసోల్ షో-డ-ఫోన్ పట్టణములో ఉపాధ్యాయుడుగా జీవనము చేయుచుండెను. సేవవలన ఆయన జీవనోపాధి పొందలేదు.

బీహారు

1934వ సంవత్సరము జనవరి 15వ తేదీన బీహారులోను నేపాలులోను మహాభూకంపము కలిగెను. పదివేలకు పైగా ప్రాణములు పోయెను. ముంగేరు, ముజఫర్‌పూర్ ప్రాంతములలో భూమి నెఱ్ఱెలు విచ్చి ఇసుకయు నీరును పైకి ఉబికి పొలములను కప్పివేసెను. నేల తీరు మారుటచేత, వానకాలము వచ్చినప్పుడు పూర్వము మునుగని పల్లెలుకూడ మునుగసాగెను. చెరసాలనుండి విడుదలయైన బాబూ రాజేంద్రప్రసాద్ సహాయ సంఘమునకు నాయకత్వము వహించెను.

1931వ సంవత్సరము డిసెంబరులో గాంధీమహాత్ముడు స్విట్జర్లాండునకు వచ్చినప్పుడు సెరెసోల్ ఆయనను కలిసికొనియుండెను. బీహారు వార్త వినగానే ఆయన ఏమి చేసెను? ఐరోపా యౌవనులను ఓడలో ఎక్కించెనా? లేదు. మొదట తానే బయలుదేరి వచ్చెను. అప్పటికి ఆయన వయస్సు ఏబది నాలుగు సంవత్సరములు. గాంధీజీని, రాజేంద్రప్రసాద్‌ను చూచెను, ప్రభుత్వాధికారులను చూచెను, పాడైన పల్లెలు చూచెను. తెల్లవారు పాలించుచుండిన దినములవి. తెల్లవాడొకడు వచ్చి కాంగ్రెసు నాయకులతోను ప్రభుత్వముతోను సమానముగా మాటలాడి ఇరుపక్షములను ఒక పనియొద్ద నిలువబెట్టుట సులభము కాదు.

చూచిన తరువాత తిరిగి వెళ్లి, ఆ సంవత్సరాంతమున మరల వచ్చినప్పుడు తనతో ఎందరిని తెచ్చుకొనెను? ముగ్గురినే! లిఖ్టెన్‌స్టైన్ పొలములలో 700 మంది పనిచేసిన దళమునుండి బీహారునకు నలుగురే వచ్చిరి. మేము ఈ చోట చదువుట ఆపి చాలసేపు ఆలోచించితిమి. గిద్యోను ఎదుట ముప్పది రెండువేలమంది నిలిచినప్పుడు దేవుడు వారిని మూడువందలకు తగ్గించిన సంగతి (న్యాయాధిపతులు 7) మాకు జ్ఞాపకమునకు వచ్చెను.

కారణము స్పష్టమే. వెదురుతోను మట్టితోను ఇల్లు కట్టుట బీహారు రైతునకు ఐరోపావాడు నేర్పనక్కరలేదు. తట్ట మోయు చేతులకు అక్కడ కరవు లేదు. ఓడ ఖర్చే ఒక గ్రామపు ఖర్చగును. కొన్ని వారములుండి ఎండకు జబ్బుపడి పోవువాడు పల్లెకు భారమే గాని సహాయము కాడు. కావలసినవారు కొందరే: ఓపికతో ఏండ్లు ఉండగలవారు, మెట్టస్థలము చూచి కొలతలు వేయగలవారు, లెక్క తప్పకుండ వ్రాయగలవారు, గ్రామస్థునితో కలిసి అతడు తినునది తిని అతని భాష నేర్చుకొనుటకు సిగ్గుపడనివారు. తానే ముందుగా వెళ్లి చూడనియెడల, ఎట్టివారు కావలెనో సెరెసోల్‌కు ఎట్లు తెలియును?

1934 నుండి 1937వరకు ఆయన మూడుసార్లు మన దేశమునకు వచ్చెను. ఆ సంవత్సరములలో వచ్చిన విదేశీ సేవకులందరు కలిసి వేళ్లమీద లెక్కింపదగినవారే. ముజఫర్‌పూర్ ప్రాంతమున మునుగు పల్లెలను మెట్టకు తరలించి కట్టిరి. అట్లు కట్టిన పల్లెలలో ఒకటి శాంతిపూర్. కులీనులు చేతిపనిని నీచముగా ఎంచు మన దేశములో, దేశాధ్యక్షుని కుమారుడు మట్టిలో నిలువబడుట ఏ ప్రసంగమునకును తీసిపోదు.

కడపటి దినములు

సెరెసోల్ 1936వ సంవత్సరములో క్వేకరు సహవాసములో చేరెను. 1941వ సంవత్సరములో, అరువది రెండేండ్ల వయస్సున, వివాహము చేసికొనెను. రెండవ ప్రపంచయుద్ధకాలములో ఆయన అనుమతి లేకుండ సరిహద్దు దాటి, జర్మనుల మనస్సాక్షితో మాటలాడవలెనని జర్మనీలో ప్రవేశింపగా అక్కడ బంధింపబడెను. స్వదేశములోను మరల చెరసాల పాలయ్యెను. ఈ తుది ప్రయత్నములు ఫలించినట్లు కనబడవు. ఆయన సాహసము కొన్నిసార్లు వివేకమును మించెనని ఆయనను ప్రేమించువారును ఒప్పుకొనవచ్చును. పల్లెకు పంపువారిని అంత జాగ్రత్తగా ఎంచినవాడు తన దేహమును గూర్చి మాత్రము జాగ్రత్తపడలేదు. 1945వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన, యుద్ధము ముగిసిన కొన్ని నెలలకే, లోజాన్ సమీపమున తన యింట కన్నుమూసెను.

ఆయుధము పట్టలేనివారికి దేశసేవ చేయు మరియొక మార్గము ఇయ్యవలెనని సుమారు 40,000 మంది సంతకములతో 1923వ సంవత్సరములో స్విస్ పార్లమెంటుకు పంపబడిన విన్నపము త్రోసివేయబడెను. అట్టి చట్టము అమలులోనికి వచ్చినది 1996వ సంవత్సరములో. విత్తినవాడు కోత చూడలేదు. ఆయన స్థాపించిన అంతర్జాతీయ సేవాదళము నేటికిని అనేక దేశములలో పనిచేయుచున్నది. 1958వ సంవత్సరములో బ్రిటన్‌లో వీ.ఎస్.ఓ., 1961వ సంవత్సరములో అమెరికాలో పీస్ కోర్ పుట్టి వేలాది సేవకులను పరదేశములకు పంపెను. దరఖాస్తులు, ప్రశ్నలు, వైద్యపరీక్షలు, భాషాశిక్షణ, ఇవన్నియు ఇప్పుడు పెద్ద ఏర్పాట్లు. అయితే వాటి వెనుకనున్న మూల ప్రశ్న ఒక్కటే: ఈ మనుష్యుడు ఆ ఊరికి తగునా? ఆ ఊరు ఇతని కొరకు అడిగెనా?

మనకు పాఠము

సువార్త చెప్పక పార పట్టుట సేవయగునా అని అడుగు సహోదరులు ఉందురు. మాకును ఆ ప్రశ్న కలదు, ఎందుకనగా వాక్యము బోధించుటకే మేము పిలువబడితిమి, దానిని విడువము. అయితే వస్త్రము లేనివానికి, దినాహారము లేనివానికి వట్టి దీవెన మాట చెప్పి పంపుటనుగూర్చి యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో ఏమి వ్రాసెనో మీరు చదువుడి. కప్పు కూలినవానికి కప్పు వేయుట ఒక పని. వాక్యము వినిపించుట ఒక పని. మొదటిదానిని రెండవదానికి వెలగా పెట్టినయెడల రెండును పాడగును.

ఇక మా తప్పిదమును చెప్పవలసియున్నది. 2024వ సంవత్సరము సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో అనేక వీధులు మునిగినప్పుడు, మా పల్లె సంఘములోని యౌవనస్థులు ఉత్సాహముతో లేచిరి. మేమును ఆపలేదు; ఇంకను వేగపరచితిమి. అడుగక, చూడక, పాత బట్టలు మూటలు కట్టి ట్రాలీ ఆటోలో వేసికొని పోయితిమి. ఒక వీధిలో అప్పటికే పాత బట్టలు గుట్టగా పడియుండెను. ఒక వృద్ధురాలు మా మూటలను చూచి, బట్టలు వద్దు నాయనా, ఇంట్లో మోకాలి లోతు బురద ఉన్నది, ఎత్తిపెట్టుదురా అని అడిగెను. మా చేతిలో ఒక్క పార లేదు. మా సంఘములో మేస్త్రీలు ఉన్నారు, మట్టిపని చేయువారు ఉన్నారు, కరెంటు పని తెలిసినవాడు ఉన్నాడు. వారినెవరినీ మేము పిలువలేదు. పాటలు బాగుగా పాడువారిని తీసికొని వెళ్లితిమి. ఇంటికి వచ్చునప్పుడు ఎవరును మాటలాడలేదు. ఆ దినమునుండి నెహెమ్యా 3వ అధ్యాయము మాకు వట్టి పేర్ల పట్టికగా కనబడుట లేదు.

కాబట్టి, ప్రియులారా, మీ సంఘమునుండి ఎవరినైనను సేవకు పంపునప్పుడు, అది ప్రక్క ఊరికే గాని పరదేశమునకే గాని, ఈ సంగతులు ఆలోచించుడి. ఎవడైన ముందుగా వెళ్లి చూచెనా? అక్కడివారు అడిగిరా? అక్కడ కూలిచేయువాని కూడు మనమువలన పోవునా? వెళ్లువాడు ఎంతకాలము ఉండగలడు? అతని చేతికి ఏ పని వచ్చును? తగడని తోచినవానిని సిగ్గుపరచకుడి. మార్కు అను యోహాను పంఫూలియ దేశమునుండి వెనుకకు మరలిపోయెను (అపొ. కార్యములు 13:13), అయినను కడపట పౌలు అతనిని ఉపయోగకరమైనవాడని పిలిపించుకొనెను (2 తిమోతి 4:11). నేడు ఒక పనికి తగనివాడు రేపు మరియొక పనికి తగును. సంఘ పెద్దలారా, మీ సంఘ జాబితాలో ప్రతి పేరునకు ఎదురుగా అతనికి వచ్చిన పని ఏదో వ్రాసియుంచుడి. ఆపద వచ్చిన దినమున అది అక్కరకు వచ్చును.

ప్రార్థన

ప్రభువా, నీవు మాయొద్దకు నిన్ను నీవే పంపుకొంటివి. దూరమునుండి చూచి ఊరకుండలేదు. మా ఉత్సాహమునకు కన్నులు దయచేయుము. అడుగుటకును వినుటకును మాకు నేర్పుము. మా యౌవనస్థులలో ఎవరిని ఎక్కడికి పంపవలెనో పెద్దలకు తెలియజేయుము. వెళ్లువారి చేతులను బలపరచుము. ఇంటియొద్ద నిలిచినవారికి తమ గోడను చూపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.